జేబులు తిరగేసే బల్ల

జూన్ 3

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ దీవెనలు.

మత్తు మాన్పించే మీ హోం వాళ్లు ఏడాది నిండేదాకా ఫోన్ ఇవ్వరట కాబట్టి, రిటైరైనప్పుడు మూలన పడేసిన ఎర్ర ఇంకు పెన్ను మళ్లీ తీశాను. నీలం పెన్ను ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. తప్పులు దిద్దుతున్నట్టు అనిపిస్తే అది నీ అనుమానమే తప్ప నా ఉద్దేశం కాదు.

అసలు సంగతి. పోయిన నెల మన సి బ్లాకు డాబా మీద, నీళ్ల ట్యాంకు మెట్ల దగ్గర, పదో తరగతి పిల్లాడు స్పృహ లేకుండా దొరికాడు. బతికాడులే. మత్తు మాత్రలట. ఆ బాపతు ఇంకో అరడజను మంది ఉన్నారని తేలింది. సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమై రెండు గంటలు చర్చించింది. అందులో గంటా నలభై నిమిషాలు కార్ల పార్కింగ్ గురించి, మిగిలిన ఇరవై నిమిషాలు పిల్లల గురించి. పిల్లల ఉపసంఘానికి అధ్యక్షులుగా ఎవరుంటారంటే అందరూ తలలు దించుకున్నారు. నేను ఎత్తే ఉంచాను. ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

పెద్దవాళ్లు చెబితే ఈ వయసు పిల్లల చెవికెక్కదని, తోటి పిల్లలే తోడుండాలని పేపర్లో చదివాను. ముప్ఫై ఒక్క ఏళ్లు బడి నడిపినదాన్ని, నాకు ఎంతసేపు? ఆ సాయంత్రమే ఐదుగురు తోటి పిల్లల్ని ఎంపిక చేశాను. ఐదుగురూ క్లాసులో మొదటి ఐదు ర్యాంకులవాళ్లు. జ్వరం మాత్ర కూడా ఇంట్లో అడిగి వేసుకునే రకం. వాళ్లకి నాయకుడు మన కలెక్టరు. నా కూతురూ అల్లుడూ ఉద్యోగాలని వేరే ఊళ్లో ఉన్నా, మనవణ్ణి నేను ఎలా పెంచుతున్నానో నాలుగు బ్లాకులవాళ్లూ చూడాలి కదా. పదిహేడేళ్లకే వాడి మాటతీరు వింటుంటే, పుట్టినప్పుడు ఆ ముద్దుపేరు పెట్టడం ఊరికే పోలేదనిపిస్తుంది.

నీ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. హోటల్ ట్రైనింగ్‌లో ఉన్నావన్నాను. అది అబద్ధం కూడా కాదు, మీరు ఉతికేది హోటల్ దుప్పట్లే కదా. ఎలాగూ లోపలే ఉన్నావు కాబట్టి, మీ హోంలో ఈ తోడు వ్యవహారం ఎలా నడుపుతారో వరస నంబర్లు వేసి రాయి. కవరు వెనక మాత్రం హోం పేరు రాయకు. వాచ్‌మన్ చదువుతాడు.

నా ఆరోగ్యం పర్వాలేదు, మతిమరుపు తప్ప. నెలకని తెచ్చిన నిద్రమాత్రలు ఇరవై రోజులకే అయిపోతున్నాయి. వేసుకుని మర్చిపోయి మళ్లీ వేసుకుంటున్నానట. కలెక్టరే కనిపెట్టాడు. పాపం, ఏడు అరల మాత్రల డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, ప్రతి ఆదివారం తనే నింపి పెడుతున్నాడు. ఈ కాలంలో ఏ పిల్లాడు చేస్తాడు చెప్పు?

ఇట్లు
మీ పెద్దమ్మ
రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు, అధ్యక్షురాలు, యువజన తోడ్పాటు ఉపసంఘం


జూన్ 11

పెద్దమ్మా,

నీ ఎర్ర ఉత్తరం అందింది. కవరు మీద అంత ఎర్రగా నా పేరు చూసి మా ఇన్‌ఛార్జి ఏదో పరీక్ష తప్పాననుకున్నాడు. వరస నంబర్లు వేయడం నావల్ల కాదు. కథలా చెబుతాను, నువ్వే వేసుకో.

ఇక్కడ ప్రతి కొత్తవాడికీ ఒక తోడుని ఇస్తారు. ఆ తోడు ర్యాంకులవాడు కాదు. వీడు పడ్డ గుంటలోనే తనూ పడి, పాక్కుంటూ బయటికొచ్చినవాడు. నా తోడు ఇరవై ఏళ్ల లారీ క్లీనరు. నేను వచ్చిన కొత్తలో ఒళ్లంతా వణికి గోడకి తల కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నాడు. నీతులు చెప్పలేదు. ఎందుకు చెప్పవని అడిగితే, చెబితే నువ్వు లేచిపోతావు, కూర్చుంటే కూర్చుంటావు అన్నాడు. పిలిస్తే రావాలి, వచ్చి కూర్చోవాలి, విన్నది గది దాటనివ్వకూడదు. తోడు పని అంతే. జ్వరం మాత్ర కూడా అడిగి వేసుకునే నీ ఐదుగురూ దీనికి ఎలా పనికొస్తారో నాకు తెలీదు. ఈత రానివాళ్లకి ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టడానికైతే భేషుగ్గా ఉంటారు.

సాయంత్రం గుండ్రంగా కూర్చుంటాం. వేదిక ఉండదు, మైకు ఉండదు. ఆఖరున వచ్చినవాళ్లు తమ కుర్చీ తామే లాక్కోవాలి, ఇన్‌ఛార్జి అయినా సరే. కూర్చోగానే అందరం జేబులు బయటికి లాగి అలాగే వేలాడదీస్తాం. ఒకప్పుడు తనిఖీ కోసం పెట్టారట. ఇప్పుడు అలవాటైపోయింది. పాతికమంది కుందేలు చెవులు వేలాడదీసుకుని కష్టాలు చెప్పుకుంటుంటే, ఏడ్చేవాడు కూడా మధ్యలో నవ్వుతాడు.

నా పని చెప్పలేదు కదూ. మా హోం నడిపే లాండ్రీకి హోటల్ బట్టల మూటలు రాగానే ముందు జేబులు తిరగేసే బల్ల మీదికెక్కుతాయి. అక్కడ కొత్తవాళ్లని నిలబెట్టరు. బస చేసినవాళ్ల జేబుల్లో ఏమైనా ఉండొచ్చు, మాకు దొరక్కూడనివి కూడా. ఎనిమిది నెలలు నిలబడ్డవాడికే ఆ బల్ల ఇస్తారు. ఏదైనా తగిలితే గట్టిగా 'దొరికింది' అని చెయ్యెత్తాలి, ఇంకొకడు వచ్చి చూసి డబ్బాలో వేస్తాడు. పోయిన వారమే నాకు ఆ బల్ల ఇచ్చారు. నా జన్మలో నాకు వచ్చిన మొదటి ర్యాంకు అది, నవ్వకు.

సెప్టెంబరు 14కి నాకు ఏడాది నిండుతుంది. ఆ రోజు మన మనిషిని ఒకరిని పిలుచుకోవచ్చు, మాతో పాటు గుండ్రంగా కూర్చోవడానికి. అమ్మ పోయాక నాకున్న మనిషివి నువ్వే. వస్తావా?

ఇంకొకటి. నీ నిద్రమాత్రల పేరేమిటి? రోజుకెన్ని? డబ్బా నింపేటప్పుడు నువ్వు పక్కనుంటావా? మీ ఇంట్లో బట్టలు ఉతకడానికి వేసేముందు జేబులు ఎవరైనా తిరగేస్తారా? ఊరికే అడుగుతున్నాను.

హోటల్ ట్రైనింగ్‌లో ఉన్న
మీ అబ్బాయి


జూన్ 22

చిరంజీవి అబ్బాయికి,

మొదటి సమావేశం దిగ్విజయంగా జరిగింది. నీ గుండ్రం కుర్చీల సంగతి ఉపసంఘం ముందు పెట్టాను, నీ పేరు చెప్పకుండా. గుండ్రంగా కూర్చుంటే ముఖ్య అతిథి ఎటు తిరిగి మాట్లాడాలని కార్యదర్శి అడిగాడు. సమంజసమే. అందుకని వేదిక, మూడు మెత్తటి కుర్చీలు, బ్యానరు పెట్టాం. బ్యానరు మీద నా ఫోటో కొంచెం పెద్దదైంది. నేను అడగలేదు.

ఏడుగురు పిల్లలు వచ్చారు. ఫ్లాటు నంబర్లతో సహా హాజరు పిలిచాను. రానివాళ్ల ఇళ్లకి చీటీలు పంపాను. మూడో ర్యాంకు అమ్మాయి 'మత్తు, మన కర్తవ్యం' అనే వ్యాసం చదివింది. తర్వాత మాదకద్రవ్యాల దుష్ఫలితాల మీద క్విజ్ పెట్టాం. ఇక్కడ చిన్న ఇబ్బంది వచ్చింది. బహుమతులన్నీ ఆ ఏడుగురే కొట్టుకుపోయారు. మా ర్యాంకులవాళ్లకి ఒక్కటీ రాలేదు. పైగా రెండు జవాబులు తప్పని అతిథిగా వచ్చిన డాక్టరుగారిని సరిదిద్దారు.

అందులో ఒక పిల్ల ఉంది, జుట్టుకి రెండు రంగులు. వెనక వీధిలో మెకానిక్ షెడ్డువాళ్ల అమ్మాయి. మన బ్లాకు కాదు, ఎవరు రానిచ్చారో తెలీదు. ఏడాది కిందటే మత్తు మానేసిందట. బూట్లు ముందు కుర్చీ మీద పెట్టి, మన కలెక్టరు ఉపన్యసిస్తున్నంతసేపూ వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంది. వాడికి పాపం కళ్లకలక, నల్లద్దాలు పెట్టుకుని మరీ మాట్లాడాడు. అయినా తడబడలేదు, నాలుగైదు చోట్ల తప్ప.

ఇక నీ ఉత్తరం. రెండుసార్లు చదివాను. మాత్రల పేరేమిటి, రోజుకెన్ని, పక్కన ఎవరుంటారు, జేబుల్లో ఏం దొరుకుతాయి. 'ఊరికే అడుగుతున్నాను' అట. నాయనా, ముప్ఫై ఒక్క ఏళ్లలో కాపీ చీటీలు ఎన్ని పట్టానో నీకు తెలీదు. పరాయివాళ్ల జేబులు తిరగేసే పని నీకు ఇచ్చినవాళ్ల తెలివికి దండం పెట్టాలి. నువ్వు మళ్లీ జారుతున్నావని నా మనసు చెబుతోంది. కన్నతల్లి లేని పిల్లాడివి, చూస్తూ ఊరుకోలేను. మీ ఇన్‌ఛార్జికి అన్నీ వివరంగా రాశాను. నన్ను తిట్టుకో, పర్వాలేదు.

సెప్టెంబరు 14 గురించి అప్పుడు చూద్దాం. నా మోకాళ్లు ప్రయాణానికి ఒప్పుకోవడం లేదు.

ఇట్లు
మీ పెద్దమ్మ
అధ్యక్షురాలు


జూలై 2

పెద్దమ్మా,

తిట్టుకున్నాను. నాలుగు రోజులు, మూడు పూటలా.

నీ ఉత్తరం రాగానే ఇన్‌ఛార్జి నన్ను పిలిచి చదివి వినిపించాడు. మూత్రం పరీక్ష చేశారు. మంచం కింద వెతికారు, తలగడ విప్పారు. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి వదిలేస్తారనుకోకు. ఇంటివాళ్లు అనుమానం రాస్తే మూడు వారాలు జేబుల బల్లకి దూరంగా ఉంచాలని నియమం. ఇప్పుడు ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడుతున్నాను. ఒళ్లు ఉడికిపోతోంది. నా మొదటి ర్యాంకుని ఎర్ర ఇంకుతో భలే కొట్టేశావు.

ఇంత కోపంలోనూ మీ క్విజ్ సంగతి మావాళ్లకి చదివి వినిపించాను. పావుగంట నవ్వారు. ఈసారి డాక్టరుగారిని వాళ్ల పక్కన విద్యార్థిగా కూర్చోబెట్టమన్నారు. హాజరు, చీటీల దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎవరికీ తెలియకుండా ఏడవడానికి వచ్చిన పిల్లల్ని ఫ్లాటు నంబరు పెట్టి పిలుస్తారా?

మాత్రల విషయం మళ్లీ అడుగుతున్నాను, ఈసారి ఊరికే కాదు. నా తోడు లారీ క్లీనరు, నాన్చకుండా తిన్నగా అడగమన్నాడు. డబ్బా నింపనివ్వు, కానీ నింపాక నువ్వు ఒక్కదానివే లెక్కపెట్టు. పట్టీలో ఎన్ని మిగిలాయో చీటీ మీద రాసి దిండు కింద పెట్టుకో. మర్నాడు మళ్లీ లెక్కపెట్టు. ఎవరికీ చెప్పకు. ఎవరికీ అంటే ఎవరికీ. నాకు మాత్రలు వద్దు పెద్దమ్మా, లెక్క కావాలి.

ఇస్త్రీ పెట్టె దగ్గర ఉడుకుతున్న
మీ అబ్బాయి


జూలై 15

చిరంజీవి అబ్బాయికి,

నీమీద పొరబడ్డానేమో. అంతకంటే పెద్ద సంగతి బయటపడింది.

నువ్వు చెప్పినట్టే లెక్కపెట్టాను. ఆదివారం సాయంత్రం పట్టీల్లో ఇరవై మూడు. గురువారం చూస్తే పద్నాలుగు. తొమ్మిది తక్కువ. నిద్రలో లేచి తొమ్మిది మాత్రలు మింగి ఉంటే నీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు కదా. నా మతిమరుపు మీద మొదటిసారి నాకే అనుమానం వచ్చింది.

దొంగ ఎవరో పట్టేశాను. ఆ రంగుల పిల్ల. పది రోజుల్లో మూడుసార్లు మా ఇంటికి వచ్చింది. కలెక్టరుకి నోట్సు ఇవ్వాలట. చదువు మానేసి షెడ్డులో స్పానర్లు తిప్పే పిల్లకి నోట్సేమిటి? లోపలికి రమ్మంటే రాదు, మన అంతస్తు మెట్ల మీద వాడి పక్కన గంటలు గంటలు కూర్చుంటుంది. మాట్లాడుకోవడం కూడా వినపడదు. వాడు అమాయకుడు, మొహమాటానికి కూర్చుంటాడు. నేను వంటింట్లో ఉన్నప్పుడు దూరి ఉంటుంది.

శనివారం అందరి ముందూ నిలబెట్టి అడిగాను. ఒక్క మాట మాట్లాడలేదు. కలెక్టరు వైపు చూసింది. వాడు నేల చూపులు చూశాడు. ఇంకొకరి తప్పు చూడ్డానికి కూడా సిగ్గుపడే సంస్కారం వాడిది. ఇక గేటు దాటి రావద్దని ఆ పిల్లకి చెప్పేశాను. వెళ్తూ వెళ్తూ నాతో, 'అతన్ని ఒంటరిగా వదలకండి మేడమ్' అంది. నా మనవడి గురించి నాకే చెబుతోంది, ఎంత పొగరు!

ఆ తర్వాత మిగతా ఆరుగురూ రావడం మానేశారు. ఈ వారం సమావేశానికి మా ఐదుగురు తోటి పిల్లలే వచ్చారు. ఒకళ్లకొకళ్లు తోడుగా కూర్చుని బిస్కెట్లు తిన్నారు. కార్యదర్శి నివేదిక రాశాడు: ప్రస్తుతం కార్యక్రమంలో ఒక్క మత్తు బాధితుడు కూడా లేడు, ఫలితం నూటికి నూరు శాతం. దీన్ని చూసి సంక్షేమ సంఘాల సమాఖ్యవాళ్లు ఆగస్టు 20న నాకు సన్మానం చేస్తారట. జ్ఞాపిక కూడా ఇస్తారు.

ఇట్లు
మీ పెద్దమ్మ
అధ్యక్షురాలు


జూలై 19

పెద్దమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

రెండేళ్ల కిందట, నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు, నీ మోకాళ్ల నొప్పి మాత్రలు ఇలాగే తగ్గిపోయేవి గుర్తుందా? ఇంట్లో పనిచేసే ఆవిడని దొంగ అన్నావు. ఆరేళ్లు పనిచేసిన మనిషిని పూట గడవకముందే మాన్పించావు. ఆవిడ తీయలేదు. నేను తీశాను. ఆవిడ ఏడుస్తూ మెట్లు దిగుతుంటే నేను తలుపు వెనక నిలబడి విన్నాను. అప్పుడు కూడా నువ్వు నా గురించి ఒక మాట అన్నావు. పాపం, సిగ్గరి అన్నావు.

నేను నేల చూసినట్టే కలెక్టరూ చూశాడు. నీ మాత్రలు తీస్తున్నది వాడే. కళ్లకలక కాదు, కళ్లు కనపడకూడదని నల్లద్దాలు. నీకు మతిమరుపని నిన్నే నమ్మించాడు, డబ్బా తన చేతికి తెచ్చుకున్నాడు. నాకు అంత తెలివి లేకపోయింది. వాడు నిజంగానే ఫస్టు ర్యాంకు.

ఆ అమ్మాయి దొంగతనానికి రాలేదు. మెట్ల మీద గంటలు గంటలు మాట్లాడకుండా కూర్చోవడం ఏమిటో నీకు జూన్‌లోనే రాశాను. నీ మొత్తం కార్యక్రమంలో ఒకే ఒక్క తోడు పనిచేసింది. దాన్ని నువ్వు గేటు బయటికి తోశావు. ఆ పిల్ల నోరు విప్పి వాడి పేరు చెప్పి ఉంటే క్షణంలో బయటపడేది. విన్నది గది దాటనివ్వకూడదు కాబట్టి దొంగ అనిపించుకుని వెళ్లింది.

వాణ్ణి కొట్టకు, అరవకు. మాత్రలు నీ దగ్గర తాళం వేసుకో. ఆ అమ్మాయిని పిలువు. డాక్టరుకి చూపించు. అక్కకీ బావకీ ఫోన్ చెయ్యి.

మీ అబ్బాయి


జూలై 23

నీకు,

నువ్వు మునిగావు కాబట్టి అందరూ మునగాలి. నీకు లేని పేరు వాడికి ఉంది కాబట్టి కుళ్లు. తల్లి లేనివాడివని ఇంట్లో పెట్టుకుంటే నా మాత్రలు దొంగిలించానని ఇప్పుడు గొప్పగా రాస్తున్నావు, పైగా నా మనవడి మీద పెడుతున్నావు. వాడిని అడిగాను. నా తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాడు. నాకు అది చాలు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. సెప్టెంబరు 14న నాకు వీలుపడదు.

అధ్యక్షురాలు


ఆగస్టు 6

పెద్దమ్మా,

రాయొద్దన్నావు. తిట్టడానికి రాయడం లేదు, కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

నీ తల మీద నేనూ మూడుసార్లు ప్రమాణం చేశాను. నీ తలకి ఏమీ కాలేదు కదా.

కింది నాలుగు మాటలూ చింపి ఫ్రిజ్ మీద అంటించు. నేను రాశానని చెప్పక్కర్లేదు, పేపర్లో వచ్చిందను. లేపితే లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి గురగురమన్నా, నిద్రలే అని వదిలేయకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. వెంటనే అంబులెన్సు పిలువు. ఏం మింగాడో దాచకుండా డాక్టరుకి చెప్పు, పరువు తర్వాత చూసుకోవచ్చు.

మూడు వారాలూ అయ్యాక జేబుల బల్ల మళ్లీ ఇచ్చారు. నిన్న ఒక పెద్దమనిషి కోటు జేబులో పాల పళ్లు రెండు దొరికాయి, కాగితంలో చుట్టి. ఎవరి పిల్లవో. 'దొరికింది' అని చెయ్యెత్తితే లారీ క్లీనరు వచ్చి చూసి, ఇవి తిరిగి పంపాల్సినవి అన్నాడు. పంపేశాం.

మీ అబ్బాయి


ఆగస్టు 31

నాన్నా,

నీలం పెన్ను దొరికింది. వాడి బడిసంచి తిరగేస్తే అడుగున ఉంది. దాంతోపాటు దొరికినవి రాయను, నీకు తెలుసు.

నువ్వు పంపిన నాలుగు మాటలూ ఫ్రిజ్ మీద అంటించలేదు. చింపి చెత్తబుట్టలో వేద్దామని పోయి, ఎందుకో పోపుల డబ్బా కింద పెట్టాను. ఆగస్టు 20న సన్మానం సాయంత్రం నాలుగింటికి. రెండింటికి ఇస్త్రీ బట్టలు తీసుకుని వాడి గదిలోకి వెళ్లాను. వాడు పడుకుని ఉన్నాడు. లేపితే లేవలేదు. గురక అనుకున్నాను. గురక కాదు. నాకు ఏమీ తోచలేదురా. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎందరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతే చూశానో, నా పిల్లాడి దగ్గర నాకు చేతులు ఆడలేదు.

అప్పుడు వాడి ఫోన్ మోగింది. తెర మీద 'తోడు' అని ఉంది. ఎత్తాను. 'ఇవాళ ఎలా ఉన్నావ్?' అంది ఆ పిల్ల. గేటు దగ్గరే ఆపేశాం కాబట్టి రోజూ రెండింటికి ఫోన్ చేస్తోందట. లేవడం లేదమ్మా అన్నాను. పక్కకి తిప్పండి మేడమ్ అంది. తిప్పాను. అంబులెన్సుని తనే పిలిచి, దానికంటే ముందు గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నా ఉత్తర్వు ప్రకారం వాచ్‌మన్ ఆపాడు. గోడ దూకింది. ఆసుపత్రిలో డాక్టరు ఏం మింగాడని అడిగితే, పక్కన మన బ్లాకువాళ్లు ఇద్దరు నిలబడి ఉండగానే చెప్పాను. నా నిద్రమాత్రలు, ఇంకా ఏవేవో అని. మాట బయటికి రావడానికి నీ నాలుగు మాటల్లో ఆఖరిది, పరువు తర్వాత చూసుకోవచ్చన్నదే పనికొచ్చింది.

కార్యదర్శి మూడుసార్లు ఫోన్ చేశాడు. ముఖ్య అతిథి ఎదురుచూస్తున్నారట. నేను వెళ్లలేదు. నా జ్ఞాపిక రెండో ర్యాంకు అబ్బాయి అందుకున్నాడట, నా తరఫున రెండు మాటలు కూడా మాట్లాడాడట. ఫలితం నూటికి నూరు శాతం అనే చెప్పాడట.

వాడు మూడో రోజున తెలివిలోకి వచ్చాడు. మీ అక్కా బావా సెలవు పెట్టి వచ్చారు. మేమందరం మంచం చుట్టూ నిలబడితే వాడు నన్నే చూశాడు. ఏమైనా కావాలా అన్నాను. 'అమ్మమ్మా, నీకు మతిమరుపు లేదు' అన్నాడు. నేను వరండాలోకి వెళ్లి చాలాసేపు ఏడ్చాను. ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. అప్పుడు తెలిసింది, ఊరికే కూర్చోవడం ఎంత పనో.

మనింట్లో పనిచేసిన ఆవిడని వెతుక్కుంటూ వెళ్లాను. నీ పేరూ చెప్పాను, నా తప్పూ చెప్పాను. తలుపు దగ్గరే నిలబెట్టి విన్నది. కూర్చోమనలేదు. 'సరేనమ్మా' అని తలుపు వేసుకుంది. మళ్లీ వెళ్తాను. నువ్వు కూడా వచ్చాక వెళ్లాలి.

నిన్న కమ్యూనిటీ హాల్లో సమావేశం పెట్టింది ఆ పిల్ల. బ్యానరు విప్పి జారుడు నేల మీద బోర్లా పరిచింది, నా మొహం కిందికి వచ్చేలా. కావాలని చేసిందో లేదో అడగలేదు. ఆ ఆరుగురూ వచ్చారు. కలెక్టరూ వచ్చాడు, అద్దాలు లేకుండా. వేదిక మీది మెత్తటి కుర్చీల్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను ఆఖరున వెళ్లాను. గోడవార నుంచి మడత కుర్చీ లాక్కోవడానికి నా మోకాళ్లకి ఐదు నిమిషాలు పట్టింది. ఒక్కరూ సాయం రాలేదు. మీ నియమాలన్నీ ఆ పిల్లకి చెప్పింది నేనే, ఎవరు రాశారో మాత్రం చెప్పలేదు.

అందరూ జేబులు బయటికి లాగారు. నా బట్టలకి జేబులు లేవు. అందుకని నా చేతిసంచిని నేల మీద బోర్లించాను. కళ్లజోడు, తాళాలు, హాజరు పుస్తకం, మిగిలిన మాత్రలన్నీ వేసి తెచ్చిన ఏడు అరల డబ్బా. ఆ డబ్బా తీసి ఆ పిల్ల చేతికి ఇచ్చాను. ఇక నుంచి నా మాత్రలు తన దగ్గరే ఉంచుకుని, రోజుకొకటి తెచ్చి ఇమ్మన్నాను. దొంగ అని అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే అడిగాను. అది డబ్బా తెరిచి, లెక్కపెట్టి, 'పద్నాలుగు' అని పైకి చెప్పింది. హాజరు పుస్తకం కలెక్టరు తీసి చింపాడు. కొత్తది, ఇంకా సగం కూడా నిండలేదు, నాకు కొంచెం ప్రాణం ఉసూరుమంది.

తర్వాత ఆ పిల్ల అందరినీ అడిగినట్టే నన్నూ అడిగింది, మీ తోడు ఎవరని. మా అబ్బాయి అన్నాను. ఏం చేస్తాడంది. హోటల్ ట్రైనింగ్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మావాడు నా మాత్రలే మింగి, తర్వాత మానేసి, ఇప్పుడు హోంలో ఉండి జేబులు తిరగేసే బల్ల దగ్గర పనిచేస్తున్నాడని చెప్పాను. ఆ బల్ల అందరికీ ఇవ్వరని కూడా చెప్పాను.

ఇంటికొస్తూ వాచ్‌మన్‌కీ చెప్పాను. 'తెలుసమ్మా, నాలుగు బ్లాకులకీ ఏడాది నుంచీ తెలుసు' అన్నాడు. ఇన్నాళ్లూ హోటల్ అబద్ధం నేనొక్కదాన్నే నమ్మానన్నమాట.

14న పొద్దున బస్సుకి టికెట్టు తీసుకున్నాను. నాకోసం కుర్చీ వేయకు.

పెద్దమ్మ